చలి కింద నుంచే వస్తుంది: నల్లమల అంచున గాలి పరుపు పరిచే తీరు

సంక్రాంతి దాటిందంటే ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లకు కొత్త కళ వస్తుంది. అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయలుదేరి, నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన ఊళ్లలో విడిది చేస్తాడు. తన పెళ్లికి భక్తులను స్వామి తానే వచ్చి పిలుస్తాడని ఇక్కడివాళ్ల నమ్మకం. శివరాత్రి దగ్గరపడేసరికి ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మీదుగా శ్రీశైలానికి నడిచేవాళ్లు బారులు తీరతారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులదీ అదే దారి. మధ్యలో ఫాల్గుణంలో అహోబిలం బ్రహ్మోత్సవాలు. ఇంతమందీ రాత్రి ఎక్కడో ఒకచోట నేలమీద నడుం వాల్చాల్సినవాళ్లే. గుడి మండపమో, సత్రం అరుగో, బడి వరండానో, చెట్టునీడో దొరికితే అదే పడక. కళ్లాల దగ్గర కాపలా పడుకునే రైతులు, అహోబిలం నవ నారసింహ క్షేత్రాలన్నీ కాలినడకన చూడాలని వచ్చే కుర్రాళ్లు సరేసరి.

వీళ్ల సంచుల్లో చాపకు తోడుగా ఇప్పుడు గాలి పరుపు కూడా కనబడుతోంది. బరువు అరకిలో, ముప్పావు కిలో. మడిస్తే నీళ్ల సీసా అంత. ఊదితే నాలుగు వేళ్ల ఎత్తు లేస్తుంది. పడుకోగానే హాయిగానే ఉంటుంది. నడిరాత్రి దాటాకే తంటా. వీపు కింద చల్లబడుతుంది. పైన రెండు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గదు. పక్కకు తిరిగితే తుంటి నేలకు తగులుతుంది, లేదంటే పరుపు బిర్రుగా ఉండి ఒంటిని నిలవనీయదు. ఈ బాధలన్నిటికీ మందు పరుపు ధరలో లేదు, పరిచే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి మొదటి నుంచి చివరి దాకా చెప్తాను.

ముందు కారణం తెలుసుకుందాం

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల నాపరాళ్లు పరవని ఇల్లు నంద్యాల జిల్లాలో తక్కువ. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ బండల మీద ఒట్టి వీపుతో పడుకుంటే ప్రాణం లేచొస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున అదే బండ మీద పాదం పెట్టలేం. రెండింటికీ కారణం ఒక్కటే, బండ ఒంట్లోని వేడిని గుంజుకుంటుంది. కదలని గాలితో పోలిస్తే నాపరాయి వేడిని యాభై రెట్లకు పైగా వేగంగా దాటిస్తుంది. పొడి మట్టి నేల అంత కాదు గానీ, తడి ఉంటే అదీ దాదాపు అంతే.

ఇప్పుడు చిన్న లెక్క. పడుకున్న మనిషి ఒళ్లు 70, 80 వాట్ల వేడి పుట్టిస్తుంది. మన వీపు, పిరుదులు, కాళ్లు కలిపి నేలవైపు ఆనుకునే భాగం సుమారు 0.4 చదరపు మీటరు. ఒంటికీ నేలకూ తేడా 18 డిగ్రీలు అనుకుందాం. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో అంత తేడా మామూలే. లోపల ఏమీ లేని ఒట్టి గాలి పరుపు వేసుకుంటే దాదాపు 40 వాట్లు నేల పాలవుతాయి. అంటే ఒళ్లు పుట్టించే వేడిలో సగం. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా అవి మిగిలిన సగాన్నే కాపాడగలవు. అందుకే పైన కప్పుకునేదానికంటే కింద పరుచుకునేదాని గురించి ముందు ఆలోచించాలి.

ఒట్టి గాలి పరుపు అంత వేడిని ఎట్లా పోగొడుతుంది? కదలని గాలి మంచి అడ్డే. కానీ పరుపు పైపొర వెచ్చగా, అడుగుపొర చల్లగా ఉంటే, ఆ రెంటి మధ్య గాలితో పనిలేకుండానే వేడి కిరణాల రూపంలో దిగిపోతుంది. పొయ్యికి ఎడంగా నిలబడినా ముఖానికి సెగ తగిలేది ఆ దారినే. పైగా మనం అటూఇటూ దొర్లినప్పుడల్లా నడుమ వెచ్చబడిన గాలి చల్లని అంచులకు నెట్టబడి, అంచుల్లోని చల్లగాలి వీపు కిందికి చేరుతుంది. మంచి రకం పరుపుల్లో వెండిరంగు రేకుపూత పొరలో, సన్నటి పీచు దూదో పెట్టేది ఈ రెండు దారులూ మూయడానికే. పడుకుని కదిలితే కరకరలాడే చప్పుడు ఆ రేకుపొరదే.

ఈ అడ్డుకునే శక్తికి ఒక కొలత ఉంది. దాన్ని ఆర్-వాల్యూ అంటారు. అమెరికాలోని ఏఎస్‌టీఎం సంస్థ 2018లో ఎఫ్3340 పేరుతో ప్రమాణం తెచ్చింది. ఆ తర్వాత చాలా కంపెనీలు ఒకే రకం పరీక్షతో కొలిచిన అంకె వేయడం మొదలైంది. ఒట్టి గాలి పరుపుకు ఆ అంకె 1 దగ్గర ఉంటుంది. పొరలున్నవాటికి 2 నుంచి 7 దాకా పోతుంది. మంచుకొండలెక్కేవాళ్లకు 5, 6 కావాలి. నల్లమల అంచున చలికాలానికి 2, 3 ఉంటే బాగా సరిపోతుంది. ఇంకో మంచి సంగతి, ఒకదానిమీద ఒకటి పరిస్తే ఈ అంకెలు కలుస్తాయి. 1 ఉన్న పరుపు కింద 1 ఉన్న మ్యాట్ వేస్తే మొత్తం 2. పైన లెక్కలో 40 వాట్లు పోయేచోట 20 పోతాయి. ఈ కూడిక వల్లే, చవక పరుపుతో కూడా వెచ్చగా పడుకోవచ్చు.

కావలసినవి

ఒక గాలి పరుపు, దానికి సరిపోయే గాలిసంచి లేదా చిన్న పంపు. అడుగున వేయడానికి టార్పాలిన్ పట్ట. దానిమీదికి ఫోమ్ మ్యాట్ లేదా రెండు గోనెపట్టలు లేదా వరిగడ్డి. పరుపు మీదికి పాత నూలుచీరలతో కుట్టిన బొంత. కప్పుకోవడానికి గొంగళి లేదా స్లీపింగ్ బ్యాగ్. తలకు తువ్వాలు, కాళ్లకు పొడి మేజోళ్లు. మాసికలు వేసే సామాను, టార్చి, దోమతెర. ఇందులో కొనాల్సినవి రెండో మూడో, మిగతావి ఇంట్లో ఉండేవే.

1. ఇంట్లో ఒక రాత్రి పరీక్ష

పరుపును నింపి, వాల్వు బిగించి, మీద బొంత పరచి, దానిమీద 25 కిలోల బియ్యం మూట పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకు కాస్త మెత్తబడితే కంగారు అక్కర్లేదు, చల్లబడిన గాలి కుంచించుకుపోతుంది. మూట నేలకు ఆనితే మాత్రం ఎక్కడో కారుతోందన్నమాట. ఆ చిల్లు ఇంట్లో దొరకడం తేలిక. అహోబిలంలో అర్ధరాత్రి టార్చి నోట కరుచుకుని వెతకడం కష్టం.

ఆ మరుసటి రాత్రి దానిమీద పడుకుని చూడండి. ఒట్టి నాపరాయి మీద ఒకసారి, కింద ఫోమ్ మ్యాట్ వేసి ఒకసారి. తేడా మీ వీపే చెప్తుంది.

2. చోటు చూసుకోవడం

ముందుగా ఒక మాట. నల్లమల అడవిలో చాలాభాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా అడవిలో ఎక్కడంటే అక్కడ టెంటు వేయకూడదు. అడవిలో రాత్రి గడపాలనుకుంటే బైర్లూటి, పచ్చర్ల లాంటి చోట్ల అటవీశాఖ నడిపే క్యాంపులున్నాయి. నడకదారిలో వెళ్లేవాళ్లు అధికారులు చూపిన విడిది స్థలాల్లోనే ఆగాలి. చేలల్లో, తోటల్లో పడుకోవాలంటే ఆ రైతును అడగాలి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, పైగా పాములు తిరిగే గట్టు ఏదో, నీళ్లు నిలిచే మడి ఏదో వాళ్లే చెప్తారు.

వాగు ఒడ్డున ఇసుక మెత్తగా, అందంగా కనబడుతుంది. అహోబిలం దగ్గర భవనాశి వాగు ఒడ్డుకు ఎవరికైనా మనసు పోతుంది. అయితే చలికాలంలో వాగులు, వంకలు, పల్లాలు పడకకు పనికిరావు. చల్లటి గాలి బరువైనది. రాత్రి కొండ మీది నుంచి దిగి పల్లంలో చేరుతుంది. నేల తడి కూడా అక్కడే ఎక్కువ. వాగుకు ఎడంగా, నాలుగడుగులు మెరక మీద, కొండవైపు గాలి నేరుగా తగలకుండా గట్టో పొదో అడ్డమున్న చోటు చూడండి. తలమీద చెట్టుకొమ్మలో, టార్పాలినో ఉంటే ఇంకా మంచిది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఆరుబయట ఉన్నదేదైనా తన వేడిని పైకి వదిలేసి గాలికంటే చల్లబడుతుంది. దుప్పటి మీద మంచు పట్టేది అందుకే. చిన్న కప్పు ఉన్నా ఆ నష్టం చాలావరకు ఆగుతుంది.

ఇక నేల. నంద్యాల రేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే పట్టుకుని వదలదు. నెర్రెల్లో తేళ్లు, జెర్రులు ఉంటాయి. నెర్రెలున్న చోటు పొడిగా కనబడినా వదిలేయండి. పత్తి పీకిన చేనులో, జొన్న కోసిన చేనులో కొయ్యకాళ్లు మొలల్లా ఉంటాయి. గాలి పరుపుకు అసలు శత్రువులు మరో ఇద్దరు, పల్లేరుకాయ, సర్కారు తుమ్మముల్లు. పల్లేరుకాయ చూడ్డానికి శనగగింజంత. దాన్ని ఎటు తిప్పినా ఒక ముల్లు పైకే చూస్తుంది. చెప్పు అడుగున గుచ్చుకుని టెంటులోకి కూడా మనతోనే వస్తుంది. కాబట్టి చీపురుతో, లేదంటే ఆకులున్న కొమ్మతో ఆ చోటంతా శుభ్రంగా ఊడవండి. తర్వాత మోకాళ్లమీద వంగి అరచేయి నేలకు ఆనీ ఆనకుండా తడిమి చూడండి. చేతికి గుచ్చుకునేది పరుపుకూ గుచ్చుకుంటుంది. చెప్పులు టెంటు బయటే విడవండి.

3. అడుగు పొర

ఊడ్చిన చోట టార్పాలిన్ పరవండి. దాని పని తడిని ఆపడం, అంతే. చలిని ఆపేది దానిమీద వేసే పొర.

నిరుడు చలికాలంలో ఆళ్లగడ్డ అవతల ఒక శనగచేను గట్టున టెంటు వేసుకుంటుంటే ఆ రైతు వచ్చి నా పరుపు నొక్కి చూశాడు.

"గాలేనా అప్పా దీంట్లో?"

"గాలే చిన్నాయనా."

"పైన ఎన్ని కప్పుకుంటే ఏం, గాలి మీద పండుకుంటే సలి ఆగుతాదా? కింద గడ్డి యేసుకో" అని కళ్లంలోంచి రెండు మోపుల వరిగడ్డి తెచ్చి పడేశాడు.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. గడ్డిపరక లోపల బోలుగా ఉంటుంది. పరకకూ పరకకూ నడుమ గాలి చిక్కుకుని కదలకుండా ఉంటుంది. జానెడు ఎత్తు వేసిన వరిగడ్డి ఒంటి బరువుకు నలిగి సగమైనా, మంచి ఖరీదైన పరుపుకు దీటుగా చలిని ఆపుతుంది. చలికాలం నులక మంచం మీద పడుకునే పెద్దవాళ్లు బొంతను ముందు కిందే పరుచుకుంటారు. మంచం ఎత్తులో ఉన్నా కింద నుంచి గాలి కొడుతుందని వాళ్లకు తెలుసు.

గడ్డి దొరికితే గడ్డి వేసి, పైన గోనెపట్ట కప్పండి. లేకుంటే ఫోమ్ మ్యాట్. అదీ లేకుంటే గోనెపట్టలు రెండు మడతలు. ఈ పొరను పరుపు కింద వేయాలా, పైన వేయాలా అని అడుగుతారు. మన నేలల్లో కిందే వేయాలి. చలికి చలి ఆగుతుంది, ముల్లు దిగితే ముందు దాన్ని దాటాలి. పరుపు జారకుండానూ పట్టుకుంటుంది. వెండిరంగు రేకు షీటు కింద పరిస్తే వేడి వెనక్కి వస్తుందని చాలామంది అనుకుంటారు. రేకు వేడికిరణాలను తిప్పికొట్టాలంటే దాని ముందు ఖాళీ ఉండాలి. నేలకూ పరుపుకూ మధ్య నలిగిన రేకు ఆ పని చేయలేదు. ఆ డబ్బు ఫోమ్ మ్యాట్‌కు పెట్టండి.

4. గాలి నింపడం

నోటితో ఊదకండి. అలసట సంగతి అటుంచితే, ఊపిరిలో తడి ఉంటుంది. ఒక పరుపుకు 60 లీటర్ల గాలి పట్టిందనుకుంటే, ఊదిన ప్రతిసారీ గ్రాముకు పైగా నీరు లోపల చేరి చల్లబడి పొరలకు పట్టుకుంటుంది. నెలల తరబడి అదే జరిగితే లోపల బూజు పడుతుంది, దూదిపొర ఉన్న పరుపైతే ఆ దూది అణిగిపోతుంది. పైగా వెచ్చటి ఊపిరి చల్లబడి కుంచించుకుపోతుంది కాబట్టి గంటలోనే పరుపు మెత్తబడుతుంది.

పరుపుతో వచ్చే గాలిసంచిని వాడేటప్పుడు సంచి మూతిని పూర్తిగా తెరిచి, నోటికి జానెడు దూరంలో పట్టుకుని ఒక్కసారి గట్టిగా ఊదండి. మన ఊపిరి చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుని పోయి సంచి ఒక్కసారే నిండుతుంది. మూతిని ఆనించి ఊదితే ఆ లాభం ఉండదు. నిండగానే మూతి మెలిపెట్టి, దుప్పటి చుట్టినట్టు చుడుతూ వాల్వువైపు నొక్కండి. అట్లా కొన్నిసార్లు చేస్తే పరుపు లేస్తుంది.

పొద్దుండగానే నింపి, టెంటులో పరచి వదిలేయండి. అన్నం తిని వచ్చేసరికి లోపలి గాలి చల్లబడుతుంది. సాయంత్రం 30 డిగ్రీల దగ్గర నింపిన గాలి రాత్రి 16 డిగ్రీలకు దిగితే దాదాపు 5 శాతం తగ్గుతుంది. పడుకునే ముందు అందుకు సరిపడా ఇంకాస్త నింపండి.

5. గాలి తీయడం

సుఖంగా పడుకోవడం, పడుకోలేకపోవడం ఇక్కడే తేలుతుంది. చాలామంది పరుపును డోలులా బిర్రుగా నింపి పడుకుంటారు. అప్పుడు ఒంటి బరువంతా తుంటి మీద, భుజం మీద, మడమల మీదే పడుతుంది. అక్కడ రక్తం ఆడక తిమ్మిరెక్కుతుంది. ఇటు తిరుగు, అటు తిరుగు, రాత్రంతా అదే పని. తిరిగినప్పుడల్లా లోపలి గాలి కదిలి చలి పెరుగుతుందని ముందే చెప్పుకున్నాం. కాబట్టి మెత్తదనం, వెచ్చదనం రెండూ ఒకే చోట ముడిపడి ఉన్నాయి.

బిర్రుగా నింపిన పరుపు మీద పక్కకు తిరిగి పడుకోండి. వాల్వు తలవైపు చేతికి అందేలా ఉండాలి. వాల్వును వేలితో నొక్కి కొంచెం కొంచెంగా గాలి వదలండి. ఒక్కో తుస్సుకూ తుంటి కాస్త కాస్త దిగుతుంది. భుజం తనకో గుంట చేసుకుని అమరుతుంది. నడుం కింద ఖాళీ మెల్లగా నిండుతుంది. మెడ, వెన్ను ఒక వరసలోకి వస్తున్నట్టు తెలుస్తుంది. అప్పుడు ఆపి, రెండో చేతిని పరుపు కిందికి, తుంటికి సరిగ్గా అడుగున పోనివ్వండి. తుంటి ఎముక చేతికి తెలియకూడదు, రెండు వేళ్ల మందం గాలి మిగిలి ఉండాలి. ఎముక తెలిస్తే ఒక ఊపు గాలి తిరిగి నింపండి. కూర్చున్నప్పుడు పిరుదులు నేలకు తగిలితే ఫర్వాలేదు, పడుకున్నప్పుడు తగలకూడదు.

వెల్లకిలా పడుకునేవాళ్లు ఇంకొంచెం మెత్తగా పెట్టుకోవచ్చు. మోకాళ్ల కింద చుట్టిన చొక్కానో, తువ్వాలో పెడితే నడుం నేలవైపు హాయిగా దిగుతుంది. రోజంతా మెట్లెక్కి దిగినవాళ్లకు ఈ చిన్న ఆసరా ఎంతో మేలు.

6. పై పొర

నైలాన్ పరుపు ఒంటికి నేరుగా తగిలితే చెమట పట్టి జిగటగా ఉంటుంది, చలికి చప్పున చల్లగా తగులుతుంది. దానిమీద బొంత పరవండి. ఒంటి బరువుకు నలిగాక సెంటీమీటరు మందం నిలిచే బొంత కూడా ఆర్ కొలతలో దాదాపు ఒక అంకె కలుపుతుంది. రేకుపొర కరకర తగ్గుతుంది. జారడం ఆగుతుంది. నాలుగు మూలలకూ నాడాలు కుట్టి పరుపు కింద కట్టుకుంటే నిద్రలో దొర్లినా కదలదు.

స్లీపింగ్ బ్యాగ్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఒంటి కింద పడిన దూది నలిగిపోతుంది, నలిగిన దూదిలో గాలి ఉండదు, గాలి లేకుంటే వెచ్చదనం లేదు. ఎంత మంచి బ్యాగైనా వీపువైపు కాపాడేది కింది పొరలే. బ్యాగ్ లేనివాళ్లకు గొంగళి సాటిలేనిది. గొర్రె ఉన్ని మంచుకు కాస్త తడిసినా వెచ్చదనం వదలదు. గొర్రెల వెంట ఊళ్లు పట్టి తిరిగే కాపర్లు ఏ కాలంలోనూ దాన్ని భుజం దించరు.

7. ఒంటిని సిద్ధం చేసుకోవడం

పరుపు వేడి పుట్టించదు, ఒంటి వేడిని నిలబెడుతుంది. వేడి మన ఒంట్లోనే పుట్టాలి. చల్లబడిన ఒంటితో పడకలోకి దూరితే వెచ్చబడడానికి చాలాసేపు పడుతుంది. పడుకునే ముందు ఇటూఅటూ నాలుగడుగులు వేయండి, చెమట పట్టేదాకా వద్దు. పగలు తొడిగిన బట్టల్లో చెమట ఉంటుంది. అన్నీ విప్పి పొడివి తొడుక్కోండి, ముఖ్యంగా మేజోళ్లు. తలకు తువ్వాలు చుట్టండి. కడుపునిండా తినండి. జొన్నరొట్టె, పప్పు, నెయ్యి ఉంటే ఇంకేం కావాలి. మూత్రానికి వెళ్లి వచ్చి పడుకోండి. ఆపుకుని పడుకుంటే నిద్ర చెడుతుంది, చివరికి అర్ధరాత్రి చలిలో లేవక తప్పదు.

బాగా చలిగా ఉంటే గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, తొడల మధ్యనో పాదాల దగ్గరో పెట్టుకోండి. చక్కెర వ్యాధి ఉండి పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం పాదాల దగ్గర పెట్టుకోవద్దు. కాలినా తెలియదు. చలిమంట టెంటు దగ్గర అసలు వద్దు. నైలాన్ మీద ఒక్క నిప్పురవ్వ చాలు, ఎండుటాకుల అడవికీ అంతే.

8. నడిరాత్రి మెలకువ వస్తే

ఎక్కడ చలేస్తోందో గమనించండి. వీపు చల్లగా ఉంటే పైన ఇంకో దుప్పటి కప్పడం దండగ. కప్పుకున్నవాటిలో ఒకటి తీసి ఒంటి కింద వేసుకోండి. చొక్కాలు, సంచి, చేతికందిన గుడ్డ ఏదైనా సరే, నడుం కింద, భుజాల కింద సర్దండి. పాదాలే చల్లగా ఉంటే ఖాళీ సంచిలో పాదాలు దూర్చండి. తుంటి నేలకు తగులుతుంటే గాలి నింపండి. టెంటు లోపలి గుడ్డ తడిగా తగిలితే కిటికీ కాస్త తెరవండి. ఊపిరి తడి బయటికి పోకపోతే అదే దుప్పటి మీద పడుతుంది.

9. తెల్లవారాక

లేవగానే వాల్వు తెరవకండి. ముందు పరుపు తిరగేసి అడుగు చూడండి. చెమ్మ ఉంటే నీడలో, గాలికి ఆరనివ్వండి. ముల్లు గుచ్చుకుని ఉందేమో చూసి తీసేయండి. తర్వాత వాల్వు తెరిచి, కాళ్లవైపు నుంచి చుడుతూ గాలి తీయండి. ఇంటికి చేరాక సంచిలో కుక్కి ఉంచకుండా, వాల్వు తెరిచి, వదులుగా మడిచి, ఎలుకలు అందని చోట పెట్టండి. గట్టిగా చుట్టి నెలలు వదిలేస్తే మడతల దగ్గర పొరలు విడిపోతాయి.

చిల్లు పడితే

పరుపును గట్టిగా నింపి, సబ్బునురగ గుడ్డతో పూయండి. బుడగ లేచిన చోట పెన్నుతో గుర్తు పెట్టండి. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచి, గాలి తీసేసి, పరుపుతో వచ్చిన మాసిక అతికించండి. దానిమీద బరువు పెట్టి, ఆ జిగురుకు చెప్పినంతసేపు ఆగండి. సైకిల్ ట్యూబు సొల్యూషన్ రబ్బరు కోసం చేసింది, నైలాన్ పరుపుకు నమ్మకంగా అతకదు. దారిలో మాసిక లేకుంటే గట్టి టేపు ఒక రాత్రికి ఆదుకుంటుంది.

ఎండాకాలం సంగతి

ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల ఎండ 43, 44 డిగ్రీలు దాటిన రోజులు అందరికీ తెలిసినవే. అప్పుడు పైన చెప్పినదానికి తిరగేసి చేయాలి. కింది పొరలు తీసేసి, పరుపు మీద తుంగచాప వేసుకోండి. ఒంటికీ నైలాన్‌కూ మధ్య గాలాడుతుంది. పగలు పరుపును నింపి ఎండలో గానీ, తలుపులు మూసిన కారులో గానీ వదలకండి. 30 డిగ్రీల దగ్గర నింపిన గాలి 60 డిగ్రీలకు చేరితే పదోవంతు పెరగాలని చూస్తుంది, ఆ ఒత్తిడికి లోపలి అతుకులు తెగి పరుపు ఒకచోట బుడిపెలా ఉబ్బిపోతుంది. ఆ ఉబ్బుకు మరమ్మతు లేదు.

కింద పరిచేదే మొదలు

ఇప్పుడు మనం వాడుతున్న ఈ పరుపుల వంశంలో పెద్దమలుపు 1970ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో వచ్చింది. బోయింగ్ విమానాల కంపెనీలో ఉద్యోగం పోయిన ఇంజనీర్లు జిమ్ లీ, నీల్ ఆండర్సన్, వాళ్ల మిత్రుడు జాన్ బరోస్ కలిసి, గాలి చొరబడని గుడ్డలో ఫోమ్ పెట్టి, వాల్వు తిప్పితే తనంతట తానే ఉబ్బే పరుపు చేశారు. 1972లో కాస్కేడ్ డిజైన్స్ అనే కంపెనీ పెట్టి దాన్ని థర్మరెస్ట్ పేరుతో అమ్మారు. గాలిని ఒట్టిగా నింపకుండా, కదలనీయకుండా పట్టి ఉంచాలన్నదే వాళ్ల పరుపులోని కీలకం. మన కళ్లాల్లో వరిగడ్డి, బొంత, గొంగళి చేసేదీ అదే పని. అందుకే కొత్త పరుపునూ పాత గడ్డినీ పోటీ పెట్టకుండా ఒకదానిమీద ఒకటి పరచమని చెప్తున్నాను.

చివరగా పెద్దవాళ్ల గురించి. నడకదారిలో, మండపాల్లో వణుకుతూ కూర్చుని తెల్లవార్చేవాళ్లలో వాళ్లే ఎక్కువ. అరవై దాటితే ఒళ్లు వేడిని పుట్టించే శక్తి తగ్గుతుంది, వెన్ను మీద కండ పల్చబడి బండ చలి నేరుగా ఎముకకు తగులుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎత్తైన గాలి పరుపు అంచు మీద కూర్చుంటే అది ఒరిగిపోయి లేవడం కష్టమవుతుంది. వాళ్లకు తక్కువ ఎత్తు పరుపు, దానికింద ఫోమ్ మ్యాట్, లేవడానికి పక్కన ఆనుకునేందుకు గోడో స్తంభమో ఉండే చోటు చూడాలి. మీ ఇంట్లోంచి అమ్మో నాన్నో, అవ్వో తాతో ఈ ఏడాది శివరాత్రికో బ్రహ్మోత్సవాలకో బయలుదేరుతుంటే వాళ్ల సంచి మీరే సర్దండి. కింద పరుచుకునేది ముందు పెట్టి, దుప్పటి ఆ తర్వాత పెట్టండి. వీలైతే ఇంకో మ్యాట్ అదనంగా పంపండి. పక్కన పడుకున్నవాళ్లకు అది లేకపోవచ్చు.